అలీఫ్ రాని అజమాయిషీ

ఉర్దూ బడికి తనిఖీకి వచ్చిన అధికారి ముందు కుర్చీ అడుగుతాడు. తర్వాత హాజరు పట్టీ అడుగుతాడు. ఆ తర్వాత మాస్టారు రాసుకున్న పాఠ్యపథకం పుస్తకం చేతిలోకి తీసుకుని ఎడమవైపు నుంచి తెరుస్తాడు. అక్కడ తెల్ల కాగితాలుంటాయి. "ఏంటి సాయిబుగారూ, ఇంకా ఏమీ రాయనేలేదు?" అంటాడు. ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి మొదలవుతుంది సార్ అని మాస్టారు వినయంగా చెబుతాడు. అధికారి నవ్వేసి, పుస్తకం తిప్పి, ఒక్క అక్షరం చదవకుండా, చదవలేక, సంతకం పెడతాడు. రిజిస్టరులో ఒక ముక్క కూడా రాస్తాడు: బోధన మెరుగుపడాలి.

ఇది నవ్వించడానికి రాయడం లేదు. ఇలాంటి కథ ఒక్కటైనా చెప్పని ఉర్దూ మీడియం టీచరు రెండు తెలుగు రాష్ట్రాల్లో మాకు తారసపడలేదు. ఏదైనా తెలుగు బడికి తెలుగు రాని అధికారిని పంపి, ఆయన చేత తెలుగు పాఠానికి మంచిచెడ్డలు రాయించండి చూద్దాం. మర్నాడు పత్రికలు సంపాదకీయాలు రాస్తాయి. భాషాభిమానులు ధర్నా చౌకు దగ్గర టెంటు వేస్తారు. మాకు మాత్రం అది రివాజు.

తనిఖీ, హాజరు, అజమాయిషీ, బదిలీ, ఖాళీ, మంజూరు, దరఖాస్తు, సిఫార్సు, జవాబు. ఈ మాటలన్నీ మా వీధి మీదుగా నడిచి తెలుగులోకి వచ్చినవే. ఇవి తీసేస్తే విద్యాశాఖలో ఒక్క ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పోదు. మాటలు కావలసి వచ్చాయి. వాటిని రాసే లిపీ, ఆ లిపి నేర్పే మనిషీ అక్కర్లేకపోయారు.

ఉపాధ్యాయుల కష్టాల గురించి మాట్లాడేవాళ్లకి ఈ రాష్ట్రాల్లో కొదవ లేదు. పీఆర్సీ, డీఏ బకాయిలు, పాత పెన్షను, బదిలీల కౌన్సెలింగు ఇవన్నీ ఉర్దూ టీచరుకీ ఉన్నాయి. వాటి కోసం జెండా పట్టుకుని అతనూ నడుస్తాడు. మేం మాట్లాడేది వాటికి పైన పడ్డ బరువు గురించి. తన వృత్తికి సంబంధించిన ఏ నిర్ణయమూ ఉర్దూ మీడియం టీచరు చేతిలో లేదు. ఏ పుస్తకం, ఏ మాట, ఏ పోస్టు, ఎవరి తనిఖీ అన్నదంతా అలీఫ్, బే రాని వాళ్లు తేలుస్తారు. 1966 అక్టోబరు 5న పారిస్‌లో యునెస్కో, ఐఎల్‌ఓల పూనికతో ఉపాధ్యాయుల హోదా మీద ఒక అంతర్జాతీయ సిఫార్సు ఆమోదం పొందింది. పాఠ్య సామగ్రిని, బోధన పద్ధతుల్ని ఎంచుకోవడంలో టీచరుదే ముఖ్య పాత్ర కావాలనీ, తనిఖీ అనేది టీచరుకి తోడ్పడాలే గానీ అతని స్వేచ్ఛనీ చొరవనీ తగ్గించకూడదనీ అందులో ఉంది. టీచర్ల పండగ మనం సెప్టెంబరు 5న చేసుకుంటాం గనక అక్టోబరు 5 సంగతి ఎవరికీ పట్టలేదు.

పుస్తకం సంగతి చూడండి. తెలుగు పిల్లవాడు త్రిభుజం అంటాడు. ఉర్దూ పిల్లవాడు ముసల్లస్ అనాలి. తెలుగులో కిరణజన్య సంయోగక్రియ అయితే ఉర్దూలో జియాయీ తాలీఫ్. చతురస్రం మా పుస్తకంలో మురబ్బా. ఇంట్లో మురబ్బా అంటే చక్కెర పాకంలో ఊరిన ఉసిరికాయ. రాతలో అక్షరాలు వేరు గానీ చెవికి రెండూ ఒకటే. లెక్కల పీరియడులో పిల్లలు కిసుక్కుమంటే, ఆ నవ్వుని పట్టుకుని పాఠంలోకి లాగగలిగేది ఆ గదిలో నిలబడ్డ టీచరే గానీ రాజధానిలో అనువాదం చేయించే కమిటీ కాదు. పైగా మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది దక్కనీ. నక్కో, హౌ, కైకు అనే పిల్లకి బడికి రాగానే ఢిల్లీ, లక్నోల ఉర్దూ ఎదురవుతుంది. దక్కనీ నుంచి కితాబీ ఉర్దూకి, అక్కణ్ణించి తెలుగుకి, ఇప్పుడు ఇంగ్లీషుకి ఆ పిల్లని చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఇంత పని చేసే మనిషిని పిలిచి, ఉస్తాద్, ఫలానా మాట పిల్లలకి ఎక్కుతోందా, లేకపోతే ఏం పెడదాం అని ఎవరైనా అడిగారా? సిలబస్ తెలుగులోనో ఇంగ్లీషులోనో పుడుతుంది. ఉర్దూ దగ్గరికి వచ్చేసరికి అది తర్జుమా. తర్జుమాకి టైము చాలదు గనక పుస్తకం ఆలస్యం. పరీక్ష మాత్రం అందరితో పాటే.

అసలు ఉర్దూలో శాస్త్రాలు చెప్పడం కుదరని పని అనేవాళ్లు హైదరాబాదులోనే ఉన్నారు. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి బస్సులో పోతూ కూడా అంటారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మీడియంలోనే మొదలైంది. దానికి ఏడాది ముందు 1917లో దారుల్ తర్జుమా పెట్టి చరిత్ర, గణితం, వైద్యం, ఇంజనీరింగు పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. పారిభాషిక పదాలు కుదర్చడానికి సబ్జెక్టు తెలిసినవాళ్లూ భాష తెలిసినవాళ్లూ కలిసి కూర్చునేవాళ్లు. మాటలు పుట్టించే అధికారం పాఠం చెప్పేవాళ్ల దగ్గర ఉండేది. 1948 పోలీసు చర్య తర్వాత ఆ మీడియం పోయింది, ఆ అధికారమూ పోయింది.

ఇక్కడ మా తెలుగు మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. నిజాం రాజ్యంలో తెలుగు పిల్లవాడి నోట్లో ఉర్దూ కుక్కారు కదా అంటారు. కుక్కారు. అది అన్యాయమే. తెలుగు కోసం ఆంధ్ర మహాసభ తీర్మానాలు చేసింది, సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక నడిపారు, ఆ పోరాటం న్యాయమైనది. అదే న్యాయం మా గుమ్మం దాకా వచ్చి ఎందుకు ఆగిపోతుందని మా ప్రశ్న. దర్బారు భాష వేరు, బడి భాష వేరు. దర్బారులో ఉర్దూ మాట్లాడిన జాగీర్దార్ల మనవలు కాన్వెంట్లకీ కెనడాకీ పోయారు. ఇవాళ ఉర్దూ బడి చాప మీద కూర్చున్నది ఆటో నడిపేవాడి కూతురు, పండ్ల బండి తోసేవాడి కొడుకు. నిజాం బాకీ వీళ్లు కట్టాలా?

రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఏ అధికరణం ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు ఉండాలి. వసతి అంటే గదీ బోర్డూ మాత్రమే కాదు గదా, టీచరు. ఆ టీచరు ఎందుకు రాడో చెబుతాం, కాస్త ఓపిగ్గా చదవండి. డీఎస్సీ నోటిఫికేషన్లో ఉర్దూ మీడియం పోస్టులు వేరుగా చూపిస్తారు. వాటికీ రోస్టరు ఉంది. ఉమ్మడి రాష్ట్రపు లెక్కలో నూటికి ఎస్సీలకి 15, ఎస్టీలకి 6, బీసీల అయిదు గ్రూపులకీ కలిపి 29. ఈ 29లో ముస్లింలకి 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇ వాటా 4. దూదేకులవాళ్లు బీసీ-బిలో, మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు గనక అక్కడా ఒకటీ అరా నిండుతాయి. మిగిలిన వాటికి ఉర్దూలో చదివి, ఉర్దూలో ట్రైనింగు అయిన అభ్యర్థి ఎక్కణ్ణించి వస్తాడు? రాడు. ఇటు అర్హత ఉన్న మా అమ్మాయి టెట్ పాసై, డీఎస్సీలో మార్కులు తెచ్చుకుని, పోస్టు కళ్లెదుట ఖాళీగా ఉండగానే ఇంటికి పోతుంది. ఆ పోస్టు తర్వాతి డీఎస్సీకి మిగులుతుంది. అప్పుడూ నిండదు. ఇది ఉర్దూ పత్రికలో మొదటి పేజీ వార్త. తెలుగు పత్రికలో జిల్లా పేజీలో ఒక మూల సింగిల్ కాలం. రెండు భాషల పత్రికల్లోనూ పనిచేసిన మాకు ఈ తేడా రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

రిజర్వేషన్ల మీద మాకు తగువు లేదు. దళితుల నోటికాడి ముద్ద మాకొద్దు. మాకూ వాళ్లకీ పేచీ పెట్టి గట్టు మీద నిలబడి చూడాలనుకునేవాళ్లకి ఆ వినోదం మేం ఇవ్వం. మేం అడిగేది ఇది: ఉర్దూ పోస్టుల్లో నిండకుండా మిగిలే ఎస్సీ, ఎస్టీ, బీసీ వాటా ఎంతో లెక్క తీయండి. అన్ని పోస్టులూ తెలుగు, ఇంగ్లీషు మీడియంలో వాళ్లకి అదనంగా ఇవ్వండి. ఉర్దూ పోస్టులు ఉర్దూ వచ్చినవాళ్లకి వదలండి. దళిత అభ్యర్థికి ఉద్యోగం వస్తుంది, మా పిల్లలకి టీచరు వస్తాడు. ఇన్నేళ్లుగా ప్రభుత్వాలు మారుతున్నా ఈ చిక్కు ఎందుకు తెగడం లేదంటే, ఖాళీ పోస్టు ఖజానాకి లాభం. దళితుడికీ ఇవ్వకుండా ముస్లింకీ ఇవ్వకుండా జీతం మిగుల్చుకునే ఏర్పాటుకి సామాజిక న్యాయం అని పేరు పెట్టుకున్నారు.

ఖాళీ ఉన్నచోట ఏం చేస్తారు? చవక మనిషిని తెస్తారు. 1980లలో నెలకి 398 రూపాయలిచ్చి స్పెషల్ టీచర్లని పెట్టారు. తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు. పాతబస్తీలో చాలా ఉర్దూ బడులు వాళ్ల భుజాల మీదే నడిచాయి. 2020లో కరోనాకి బడులు మూసినప్పుడు తెలంగాణలో వాళ్ల రెన్యువల్ ఆగింది. బడులు తెరిచాక కూడా వాళ్లని పిలవలేదు. ఏళ్ల తరబడి నల్లబల్ల ముందు నిలబడినవాళ్లు దొరికిన పని చూసుకున్నారు. మిగిలిన ఒక్క టీచరు అయిదు తరగతులూ చూడాలి. అప్పుడు పిల్లలు తగ్గుతారు. తగ్గారు గనక హేతుబద్ధీకరణ అంటారు. ఉర్దూకి ఆదరణ లేదని నివేదిక రాస్తారు. గొంతు పట్టుకున్నవాడే ఊపిరి అందడం లేదని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది. ఇంతలో ఉర్దూ తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రెండో అధికార భాష అయింది. మిఠాయిలు పంచారు. కార్యాలయాల బోర్డుల మీద మూడో వరసలో మా అక్షరాలు, చాలాచోట్ల తప్పులతో, కనిపిస్తున్నాయి. ఆ తప్పు దిద్దగలిగిన టీచరు పోస్టు ఖాళీగా ఉంది.

బోధనేతర పనుల గురించి ఎక్కువ చెప్పం, అది అందరి కథ. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇంకే పనికీ టీచర్లని వాడకూడదు. 2020 మే నెలలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు సర్దడానికి టీచర్లని పంపిన దేశం మనది. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వే కోసం ప్రాథమిక బడుల్ని ఒంటిపూట చేశారు. ఇంటింటి లెక్క కావలసిందే, మేమే అడుగుతున్నాం. కానీ ఏకోపాధ్యాయ బడిలో ఆ ఒక్కరూ మధ్యాహ్నం వీధుల్లోకి పోతే పిల్లలకి మిగిలేదేంటి? అప్పుడు పోయిన గంటలు ఎవరూ లెక్కపెట్టలేదు. 2025 ఫిబ్రవరిలో రంజాన్ నెల ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందు ఇంటికి పోవచ్చని తెలంగాణ ప్రభుత్వం ఎప్పటిలాగే ఉత్తర్వు ఇస్తే మాత్రం, బీజేపీ నాయకులు దాన్ని ఢిల్లీ దాకా లాగి బుజ్జగింపు అన్నారు. పిల్లల చదువు పాడవుతుందన్న దిగులు ఇఫ్తార్ వేళకే పుట్టుకొచ్చింది.

తెలుగు బడిలో ఒక మూల ఉర్దూ సెక్షన్ ఉన్నచోట స్టాఫ్‌రూమ్ ఎలా ఉంటుందో చెప్పాలి. గదులు పంచేటప్పుడు ఉర్దూ సెక్షన్‌కి వరండా. టైంటేబుల్ వేసేటప్పుడు ఉర్దూ టీచరు మిగిలిన పీరియడ్లకి. 1992 డిసెంబరు తర్వాత ఏ ఊళ్లో ఏం జరిగినా మర్నాడు పొద్దున జవాబు చెప్పాల్సింది ఇతనే. క్రికెట్ మ్యాచ్ మర్నాడు కూడా. "మీవాళ్లకి చదువులెందుకు సాయిబూ, పదో క్లాసు అవకముందే పంక్చర్ షాపుకి పోతారు గదా" అని టీ తాగుతూ నవ్వుతారు. ఆ నవ్వులో పగ లేదని మాకు తెలుసు. అందుకే జవాబు చెప్పడం కష్టం. కొన్నాళ్లకి ఆ టీచరు కూడా తన పిల్లల్ని చూసి అదే అనుకోవడం మొదలుపెడతాడు. మనోధైర్యం పోవడం అంటే ఇది. జీతం పెంచితే తిరిగిరాదు.

పరాయివాళ్లని నిలదీసి ఊరుకుంటే మా చేతులు శుభ్రమైపోవు. మా ఖౌమ్ పెద్దల సంగతి చెప్పుకోవాలి. ముషాయిరాలో షేర్వానీ గుండీలు పెట్టుకుని ముందు వరసలో కూర్చుని వాహ్‌వా అనే నాయకుల పిల్లలు ఎక్కడ చదివారో అడగండి. ఉర్దూ కోసం ప్రాణం ఇస్తామనేవాళ్లు ఉర్దూ టీచరుకి పెళ్లిసంబంధం కూడా చూడరు. మా గల్లీల్లో మా వాళ్లే నడిపే ప్రైవేటు బడులు చూడండి. అక్కడ పాఠం చెప్పేది ఎక్కువగా ఆడపిల్లలు. నియామక పత్రం ఉండదు. పీఎఫ్ ఉండదు. ఎండాకాలం రెండు నెలలు జీతం ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కరస్పాండెంట్ బీరువాలో ఉంటాయి. అడిగితే, బేటీ, ఇది ఖౌమ్ ఖిద్మత్ అంటారు. ఖిద్మత్ చేయాల్సింది టీచరమ్మ, మేడ మీద మేడ కట్టేది మేనేజ్‌మెంటు. మైనారిటీలకి విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉంది. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ సంస్థల్ని విద్యాహక్కు చట్టం పరిధి నుంచి బయటపెట్టింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ఆ తీర్పు మీద సందేహం వెలిబుచ్చి, పెద్ద బెంచికి నివేదించింది. మా మేనేజ్‌మెంట్లు హక్కు పోతుందని గుండెలు బాదుకున్నాయి. ఆ హక్కు మేం కూడా వదులుకోం. కానీ ఆ హక్కు గోడల లోపల పనిచేసే ఉస్తానీకి ఏ హక్కు ఉందో చెప్పమంటే ఎవరూ నోరు విప్పరు.

మదర్సాల్లో లెక్కలు, సైన్సు చెప్పేవాళ్ల కథ ఇంకొకటి. కేంద్ర పథకం కింద డిగ్రీ వాళ్లకి నెలకి 6,000, పీజీ, బీఈడీ ఉన్నవాళ్లకి 12,000 గౌరవవేతనం అన్నారు. ఆ గౌరవం ఏళ్ల తరబడి బకాయి పడింది. 2022తో పథకమే ఆగిపోయింది. ముస్లిం పిల్లలంతా మదర్సాల్లోనే ఉంటారనీ వాటిని ఆధునికం చేయాలనీ ఉపన్యాసాలు ఇచ్చినవాళ్లే ఆపారు. అన్నట్టు, బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాకి పోయేది మూడు నాలుగు శాతమేనని సచార్ కమిటీ 2006లోనే లెక్క తేల్చింది.

మా తెలుగు ప్రజాస్వామిక మిత్రులకీ ఒక మాట. ఉపాధ్యాయ సంఘాల డిమాండ్ల పత్రంలో ఉర్దూ మీడియం సమస్యలు 'ఇతరములు' అనే తలకట్టు కింద, చివరి పేజీలో, స్టేపుల్ పిన్ను పక్కన ఉంటాయి. దాశరథి గాలిబ్ గీతాలు చదివి కళ్లు తుడుచుకునే సాహితీపరులు తమ వీధి చివర ఉర్దూ బడి ఉందో మూసేశారో ఎరగరు. గజల్ అందరిదీ, ఖాళీ పోస్టు మాత్రం మాదీనా? మాతృభాషలో బోధన కోసం కోర్టుకెక్కినవాళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీషు మీడియం జీవోల్ని 2020లో హైకోర్టు కొట్టేసినప్పుడు సంబరపడినవాళ్లు, మాతృభాష అన్నప్పుడు ఒక్క భాషనే తలుచుకున్నారు.

ఉర్దూ అంటే ఇస్లాం అనీ, ముస్లిం అంటే ఉర్దూ అనీ మేం అనడం లేదు. కోస్తాలో మా అన్నదమ్ములు ఎంతోమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగులోనే ఏడుస్తారు. దూదేకుల ఇళ్లలో తరతరాలుగా తెలుగే. వాళ్లని ఉర్దూ రాని అరకొర ముస్లింలని వెక్కిరించే అష్రాఫ్ పెద్దరికం మాకొద్దు. ఈ వ్యాసం తెలుగులో రాస్తున్నాం, చూస్తూనే ఉన్నారు. ఇంగ్లీషు వద్దనీ అనం. తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషులో నడుస్తున్నాయి, తల్లిదండ్రులు ఆశపడుతున్నారు, ఆ ఆశ తప్పు కాదు. అక్కడ ఉర్దూ ఒక సబ్జెక్టు. పొద్దున లేపడం నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పిల్లలతో ఉండే అక్కడి టీచర్ల బరువు గురించి వేరే వ్యాసమే రాయాలి. ఉర్దూలో చదవాలనుకున్న పిల్లకి ఉర్దూ వచ్చిన టీచరు, ఉర్దూ టీచరుకి ఉర్దూ చదవగలిగిన పై అధికారి ఉండాలన్నది మా మాట. అలాంటి అధికారిని వేసేదాకా, తనిఖీకి వచ్చిన పెద్దమనిషి మరుగుదొడ్లు చూడొచ్చు, మధ్యాహ్న భోజనం రుచి చూడొచ్చు. పాఠ్యపథకం మీద సంతకం మాత్రం పెట్టకూడదు. ఆ పుస్తకాన్ని పక్క బడి ఉర్దూ టీచర్లు చూసి, తప్పొప్పులు మాట్లాడుకుంటారు. ఏ మాట పిల్లలకి ఎక్కుతోందో, ముసల్లస్ పక్కన త్రిభుజం రాయాలో ట్రయాంగిల్ రాయాలో తేల్చి పైకి పంపుతారు. మండలానికి నెలకి ఒక పూట చాలు.

ఏటా నవంబరు 11న మౌలానా ఆజాద్ పుట్టినరోజు. 1947 నుంచి 1958లో కన్నుమూసేదాకా ఆయన ఈ దేశం మొత్తానికి విద్యామంత్రి. 2008 నుంచి ఆ రోజు దేశానికి జాతీయ విద్యాదినం. మా దగ్గర మాత్రం అది ముందుగా మైనారిటీ సంక్షేమ దినం. ఆడిటోరియంలో సభ పెడతారు, ఖవ్వాలీ పెడతారు, రిటైరవబోయే ఉర్దూ టీచరుని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతారు. ఆయన శాలువా సర్దుకుంటూ మా బడిలో మూడు పోస్టులు ఖాళీ సార్ అంటే, అది విద్యాశాఖ చూడాలి అంటారు. మర్నాడు విద్యాశాఖకి పోతే, ఉర్దూ సంగతి మైనారిటీ శాఖ వాళ్లది, అక్కడ దరఖాస్తు ఇవ్వండి, తెలుగులో రాసి ఇవ్వండి అంటారు.